చార్‌కోల్ బొమ్మలో జుట్టు పట్టుకున్న చెయ్యి: నూనె రాస్తున్నాడా, లొంగదీస్తున్నాడా?

బొగ్గుగీత:

పోయిన శనివారం మాదాపూర్‌లో ఒక గ్రూప్ షో చూసి వచ్చినప్పటి నుంచి నేనూ నా ఫ్రెండూ సరిగ్గా మాట్లాడుకోవట్లేదు. కారణం ఒక బొమ్మ. నవ్వకండి.

ఫొటోలు తియ్యనివ్వలేదు, గుర్తున్నంత వరకు చెప్తాను. కాగితం మీద చార్‌కోల్, నిలువు బొమ్మ, మూడున్నర అడుగుల ఎత్తు ఉంటుందేమో. ఒక నులక మంచం. మంచం పట్టె మీద ఒక మగమనిషి కూర్చున్నాడు, లుంగీ కట్టాడు, పైన బట్ట లేదు. అతని తల లేదు, అంటే కాగితం పై అంచు అతని గడ్డం దగ్గరే ఆగిపోయింది, కళ్ళు మనకి కనపడవు. అతని రెండు మోకాళ్ళ మధ్య, నేల మీద, ఒక ఆడమనిషి. అతనికి వీపు పెట్టి, మనవైపు కొంచెం వాలుగా తిరిగి కూర్చుంది. భుజాల మీద ఏమీ లేదు, ఒంటికి దుప్పటి లాంటిది చుట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అతని కుడిచెయ్యి ఆమె జుట్టులో ఉంది, వేళ్ళు లోపలికి వెళ్ళి పిడికిలి సగం మూసుకుంది, ఆమె తల కాస్త వెనక్కి వాలింది. అతని ఎడమచెయ్యి మోకాలి మీంచి కిందికి వేలాడుతోంది. ఇంకో సంగతి ఉంది, నన్ను వదలనిది అదే: ఆమె చెయ్యి అతని పాదం మీద ఉంది. ఊరికే ఆనించడం కాదు, పాదాన్ని పట్టుకుంది. పక్కన గోడ మీద చీటీలో ఆర్టిస్ట్ పేరు, కింద "శీర్షిక లేదు" అని రాసుంది, అంతే.

నా ఫ్రెండ్ రెండు నిమిషాలు చూసి "కొట్టబోయే ముందు సీన్ ఇది" అంది. జుట్టు పట్టి తల వెనక్కి గుంజుతున్నాడు, ఆమె కాళ్ళు పట్టుకుని బతిమాలుతోంది, ఇందులో ఆలోచించడానికి ఏముంది అంటుంది. నాకు అలా అస్సలు అనిపించలేదు. తలకి నూనె పెట్టించుకుంటున్న మనిషిలా ఉంది, కళ్ళు మూసుకున్నది హాయిగా ఉండి. మాదాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట దాకా వాదించుకుంటూనే వచ్చాం, మధ్యలో పక్క సీటాయన ఫోన్ పక్కన పెట్టి మరీ విన్నాడు. చివరికి "నీకు అది హాయిగా కనపడిందంటే తేడా నీలోనే ఉంది" అంది. అక్కడ నాకు కాలింది.

అడిగేదేంటంటే, ఒక బొమ్మలో ఇది దగ్గరితనం, ఇది పెత్తనం అని మీరు ఎలా తేల్చుకుంటారు? దేన్ని చూసి? ఆర్టిస్ట్ పేరు కావాలనే చెప్పట్లేదు. చెప్తే అందరూ బొమ్మని వదిలేసి ఆ మనిషి గురించి మాట్లాడతారు.


పాతకాపు_మసాబ్‌ట్యాంక్:

ఫైన్ ఆర్ట్స్ చదివి ముప్పై ఏళ్ళు దాటింది నాకు, ఇప్పుడు ఇంట్లో పిల్లలకి డ్రాయింగ్ చెప్పుకుంటున్నాను. పాతకాలం పద్ధతిలోనే చెప్తానమ్మా, విసుక్కోకు.

మొహం చూడటం ఆపి ఒంటి బరువు ఎటు పోతోందో చూడు. మాకు ఫిగర్ డ్రాయింగ్‌లో మొదట చెప్పిన మాట ఇదే, మొహం అబద్ధం చెప్తుంది, మెడ చెప్పదు. జుట్టు పట్టి లాగితే మెడ ముందువైపు చెవి వెనకనుంచి గొంతు గుంట దాకా వచ్చే రెండు కండరాలు తాళ్ళలా లేస్తాయి, భుజాలు చెవుల దాకా ఎక్కుతాయి. అన్నిటికంటే ముఖ్యం, జుట్టు లాగితే ఎవరి చెయ్యైనా ముందు పైకే పోతుంది, లాగుతున్న మణికట్టుని పట్టుకోడానికి. అది ఆలోచించి చేసే పని కాదు, చెయ్యే పోతుంది. నువ్వు చెప్పిన బొమ్మలో ఆమె చెయ్యి కింద పాదం దగ్గరుంది. కాబట్టి నీ ఫ్రెండ్ చెప్పినంత తేలిగ్గా నేను ఒప్పుకోను.

అలాగని నీ నూనె కథా ఒప్పుకోను. మగమనిషి తల కాగితం అంచు దగ్గర తెగిపోయింది అన్నావు చూడు, అది కాగితం సరిపోక జరిగింది కాదు. మూడున్నర అడుగుల కాగితంలో తల పట్టించడం రాని మనిషి బొమ్మ షోలో వేలాడదు. కళ్ళు తీసేస్తే ఆ మగమనిషిలో మనకి మిగిలేది చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి ఏమనుకుంటోందో చెప్పడానికి మొహం లేదు. ఆమె మొహం మాత్రం మొత్తం మన ముందు పెట్టారు, అదీ కళ్ళు మూసి. అంటే ఆమె మనల్ని చూడలేదు, మనం ఆమెని ఎంతసేపైనా చూడొచ్చు. పెత్తనం గురించి అడిగావు కాబట్టి చెప్తున్నా, ఆ గదిలో అందరికంటే పెత్తనం ఉన్నది చూడటానికి వెళ్ళిన నీకు.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. పికాసో 1930 నుంచి 1937 దాకా ఒక డీలర్ కోసం వంద ఎచింగ్‌లు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) చేశాడు, వోలార్ సూట్ అంటారు. అందులో మినోటార్ ఉంటాడు, ఎద్దు తల, మనిషి ఒళ్ళు. 1933లో చేసిన ఒకదాంట్లో నిద్రపోతున్న ఆడమనిషి మీదికి మోకాళ్ళ మీద వంగి ఉంటాడు. నిద్ర పాడవకుండా చూసుకుంటున్నాడా, మీద పడబోతున్నాడా, తొంభై ఏళ్ళుగా జనం కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ బొమ్మల్లో మొహం పికాసో ప్రియురాలు మారీ థెరీస్‌ది. 1927లో వాళ్ళు కలిసినప్పుడు ఆమెకి 17, ఆయనకి 45. అది తెలిశాక నాకు ఆ గీత ఇంతకుముందు కనపడినట్టు కనపడలేదు. గీత మాత్రం మారలేదు, ఇప్పటికీ వెన్నలాగే ఉంటుంది, అదే తంటా.

ఆస్ట్రియా చిత్రకారుడు షీలే కూడా అంతే. 1915లో వేసిన ఆయిల్ ఒకటుంది, డెత్ అండ్ ది మెయిడెన్, వియన్నాలో బెల్వెడేర్‌లో ఉంటుంది. ఆమె అతన్ని కావలించుకుంటుంది గానీ చేతులు అతని వెనక సరిగ్గా అందవు, వేళ్ళు మాత్రం కొసల్లో తగులుకుంటాయి. అదే ఏడాది షీలే, ఏళ్ళ తరబడి తనకి మోడల్‌గా ఉన్న వాలీని వదిలేసి ఎడిత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ వేళ్ళు చూస్తే పట్టుకున్నది ఎవరో, విడిపించుకుంటున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

మన దగ్గర అయితే లక్ష్మాగౌడ్ గారి పాత ఎచింగ్‌లు, పెన్ను బొమ్మలు చూడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, ఇక్కడ చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని తిరిగొచ్చి మళ్ళీ ఊరినే గీశాడు ఆయన. మనుషులు, మేకలు, చెట్లు ఒకదాన్లో ఒకటి పెనవేసుకుని ఉంటాయి, కామం దాపరికం లేకుండా ఉంటుంది. వాటిల్లో ఆడవాళ్ళు సిగ్గుతో తల దించుకోరు. పట్నంలో కూర్చుని మనం "ఎవరిది పైచెయ్యి" అని అడిగే ప్రశ్న ఆ బొమ్మల ముందు కొంచెం వెర్రిగా అనిపిస్తుంది. కొంచెమే.


నూనెచెయ్యి:

నాకు బొమ్మల గురించి తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పదిహేనేళ్ళుగా పార్లర్ నడుపుతున్నా, జుట్టు గురించి తెలుసు.

నూనె పెట్టేటప్పుడు పిడికిలి మూయరు. వేళ్ళ కొసలు మాడు మీద ఉంటాయి, బొటనవేలు కణత దగ్గరో చెవి వెనకో ఆనుతుంది, అరచెయ్యి తలకి తగలదు. మీరు "పిడికిలి సగం మూసుకుంది" అన్నారు, అది నూనె కాదు.

కానీ చిక్కు తీసేటప్పుడు మాత్రం పిడికిలి బిగించాల్సిందే. జుట్టుని కుదుళ్ళకి దగ్గరగా గట్టిగా పట్టుకుని, ఆ పిడికిలి కింద దువ్వెన వేస్తాం. ఎందుకంటే దువ్వెన ఎంత లాగినా ఆ లాగుడు పిడికిలి దగ్గరే ఆగిపోతుంది, మాడుకి తెలియదు. కొత్తగా పనిలో చేరిన పిల్లలు మెల్లగా పట్టుకుంటే నొప్పి ఉండదనుకుంటారు, కస్టమర్ "అబ్బా" అంటుంది. గట్టిగా పట్టుకున్న చెయ్యే నొప్పి లేకుండా చేస్తుంది.

అందుకని మీరు చూడాల్సింది ఒక్కటే. జుట్టు ఎక్కడ బిగుతుగా ఉంది? మాడుకీ పిడికిలికీ మధ్య బిగుతుగా ఉంటే లాగుతున్నాడు. అక్కడ వదులుగా ఉండి పిడికిలికి కింద బిగుతుగా ఉంటే చిక్కు తీస్తున్నాడు. ఈ తేడా తెలియకుండా గీస్తే ఆ ఆర్టిస్ట్ ఎవరికీ జడ వెయ్యలేదని అర్థం.

ఇంకోటి. జుట్టు చేతికివ్వడం అంటే లొంగిపోవడం అని మన భాషలోనే ఉంది కదా. నేను రోజుకి పదిమంది జుట్టు చేతిలోకి తీసుకుంటా. ఒక్కరి మీద కూడా నాకు పెత్తనం రాలేదు, బిల్లు దగ్గర వాళ్ళే బేరం ఆడతారు.


పాతకాపు_మసాబ్‌ట్యాంక్:

ముప్పై ఏళ్ళలో నాకు ఈ పిడికిలి సంగతి ఎవరూ చెప్పలేదు. రేపు క్లాసులో చెప్తానండీ, మీ పేరు చెప్పుకునే.


కొత్తపేట_చౌరస్తా:

ఏందన్నా ఇది, మెడ కండరాలు, మాడు, కుదుళ్ళు, పోస్ట్‌మార్టం చేస్తున్నట్టుంది. వేళ్ళు ఎక్కడున్నా సరే, అతను పైన, ఆమె కింద. మంచం ఖాళీగానే ఉంది కదా, పక్కన కూర్చోబెట్టుకోవచ్చు కదా? మంచం మీద మొగుడు, నేల మీద పెళ్ళాం, ఈ సీన్ మన ఊర్లలో ఎవరికి తెలియదు? మా అమ్మ యాభై ఏళ్ళు వచ్చేదాకా మా నాన్న ముందు మంచం మీద కూర్చోవడం నేను చూడలేదు. దాన్ని తీసుకొచ్చి ఫ్రేమ్ కట్టి, ఏసీ హాల్లో లైట్ వేసి "ఆహా ఎంత దగ్గరితనం" అంటే ఎట్లా?

ఒక పని చేయండి. ఇద్దరినీ తారుమారు చేసి చూడండి. మంచం మీద ఆమె, తల లేకుండా. కింద మోకాళ్ళ మధ్య అతను, బోసి భుజాలతో, కళ్ళు మూసుకుని, ఆమె పాదం పట్టుకుని. అప్పుడు ఎవరైనా "కొట్టబోతోంది" అంటారా? అనరు. భక్తుడు అంటారు, లేదా ప్రేమికుడు అంటారు. సత్యభామ కాలితో తంతే కృష్ణుడు నీ పాదం నొచ్చిందేమో అన్నాడని మనం వెయ్యిసార్లు మురిసిపోయాం. అదే క్యాలెండర్‌లో లక్ష్మి విష్ణువు కాళ్ళు ఒత్తుతుంటే ఎవరూ మురిసిపోరు, ఎందుకంటే అది మామూలే అనుకుంటారు. మగాడు కాళ్ళు పట్టుకుంటే కథ, ఆడది పట్టుకుంటే డ్యూటీ.

సాలార్‌జంగ్‌లో ఆ చెక్క బొమ్మ ఉంటుంది కదా, ముందు ఫౌస్ట్ నాటకంలో సైతాను మెఫిస్టోఫిలిస్ ఛాతీ విరుచుకుని, వెనక అద్దంలో అదే నాటకంలో అమ్మాయి మార్గరెటా తల దించుకుని. ఒకే దుంగలో ఇద్దరినీ చెక్కారు. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు తీసుకెళ్తే టీచర్ "చూడండి పిల్లలూ ఎంత నైపుణ్యం" అంది. నాకు అప్పుడే ఒకటి అనిపించింది, ఆమెని చూడాలంటే అద్దం కావాలి, అతన్ని చూడాలంటే అక్కర్లేదు. పైగా ఒకే దుంగ కాబట్టి ఆమె ఒక్క అడుగు కూడా పక్కకి వేయలేదు.

మీ బొమ్మ వేసింది మగాడే, పందెం. ఓడిపోతే అందరికీ ఇరానీ చాయ్ నాది.


బొగ్గుగీత:

చౌరస్తా గారూ, చాయ్ బాకీ. వేసింది ఆడమనిషి. ముప్పైల్లో ఉంటుంది.

ఇది ముందే చెప్పనందుకు తిట్టుకోకండి. నా ఫ్రెండ్‌కి కూడా చీటీ చదివాకే తెలిసింది, అప్పుడు కొంచెం తగ్గింది, తర్వాత "ఆడమనిషి వేస్తే దెబ్బ దెబ్బ కాకుండా పోతుందా" అని మళ్ళీ మొదలుపెట్టింది. నిజమే, పోదు. కానీ పేరు తెలిశాక తన గొంతు మారింది, నా గొంతూ మారింది, అది నాకు నచ్చలేదు.

నూనెచెయ్యి గారు చెప్పింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాకు ఆ బొమ్మలో హాయి ఎందుకు కనపడిందో అప్పుడు తెలిసింది. మా అమ్మమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక మా తాతయ్య రోజూ ఆమెకి తల దువ్వేవాడు. అచ్చం ఇలాగే. ఆయన మంచం మీద, ఆమె కింద పీట మీద, ఆయన మోకాళ్ళ మధ్య. జుట్టు కుదుళ్ళ దగ్గర పిడికిట్లో పట్టుకుని కింద దువ్వేవాడు, ఎవరు నేర్పారో తెలియదు. సెలవులకి వెళ్ళినప్పుడు నేను ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. ఆమె కళ్ళు మూసుకునేది.

కానీ మొత్తం చెప్పాలంటే ఇంకో సగం ఉంది. ఆ పక్షవాతానికి ముందు నలభై ఏళ్ళు ఆయన ఆమెని ఎలా చూశాడో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. కంచం విసిరేసిన రోజులు ఉన్నాయి. జుట్టు పట్టుకున్న రోజులూ ఉన్నాయని అమ్మ ఒక్కసారి, వంటింట్లో, వేరే మాటల మధ్య అనేసి మళ్ళీ ఉల్లిపాయలు తరుక్కుంది. అదే చెయ్యి. అమ్మమ్మ కళ్ళు మూసుకున్నది హాయికో, ఇంకేం చెయ్యలేకో, లేదా ఇన్నాళ్ళకి ఈయన నా సేవ చేస్తున్నాడు అన్న తృప్తికో నేను ఎప్పుడూ అడగలేదు. పదేళ్ళ పిల్లకి అడగాలని ఎందుకు తోస్తుంది. నేను బొమ్మలో చూసింది పీట మీది అమ్మమ్మని, నా ఫ్రెండ్ చూసింది బహుశా వంటింట్లో అమ్మ చెప్పిన మనిషిని. తనకి ఈ కథ తెలియదు, ఇప్పటికీ చెప్పలేదు.


కొత్తపేట_చౌరస్తా:

చాయ్ బాకీ ఒప్పుకున్నా. మిగతాది ఒప్పుకోలేదు, కానీ ఇప్పుడు వాదించబుద్ధి కావట్లేదు.


ఇరవై_నిమిషాలు:

ఇక్కడ ఎవరూ మోడల్స్ గురించి అడగలేదు కాబట్టి నేను చెప్తాను. కొన్నాళ్ళు ఆర్టిస్టులకి కూర్చున్నాను, డబ్బుల కోసమే, కళ మీద ప్రేమతో కాదు. ఇప్పుడు వేరే ఉద్యోగం.

ఇలాంటి పోజ్ ఇరవై నిమిషాలు ఉంటుంది, తర్వాత ఐదు నిమిషాలు విరామం, మళ్ళీ అదే పోజ్. మళ్ళీ అక్కడే కూర్చోవాలి కాబట్టి పాదాల చుట్టూ, చెయ్యి ఆనించిన చోట సుద్దతోనో టేపుతోనో గుర్తులు పెడతారు. మొదటి ఐదు నిమిషాలు నువ్వు మనిషివి. పదో నిమిషానికి తిమ్మిరి. పదిహేనుకి నీ కాలు నీది కాదు. కళ్ళు మూసుకుని కూర్చున్న మోడల్ హాయిగా ఉందనుకునే వాళ్ళకి ఒకటే చెప్తాను, కళ్ళు మూసుకుంటే ఎదుటివాళ్ళ మొహాలు చూడక్కర్లేదు, లోపల లెక్క పెట్టుకోవచ్చు. నేను పాలవాడి బాకీలు లెక్కపెట్టేదాన్ని. ఆ బొమ్మలు చూసి "ఎంత ధ్యానంలో ఉంది" అన్నవాళ్ళు ఉన్నారు.

పాదం పట్టుకోవడం గురించి. ఇద్దరు కూర్చునే పోజ్‌లో, నేల మీద, వెనక ఆనుకోవడానికి ఏమీ లేకపోతే నడుము పోతుంది. చెయ్యి ఎక్కడో ఒకచోట గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే పదో నిమిషంలో ముందుకి వాలిపోతావు. మంచం కోడు అందితే కోడు పట్టుకుంటాం, పక్కవాడి పాదం అందితే పాదం. మీరంతా బతిమాలడం, భక్తి, సత్యభామ అని ఎక్కడెక్కడికో వెళ్ళారు. నాకైతే అది నడుము నొప్పిలా వినిపిస్తోంది. ఒకవేళ ఆర్టిస్ట్ అది చూసి, బాగుంది అలాగే ఉంచు అని ఉంటుంది. చాలా బొమ్మల్లో "భావం" అలాగే పుడుతుంది.

పెత్తనం అడిగారు కదా. నాకు తెలిసిన పెత్తనం బొమ్మలో ఉండేది కాదు, గదిలో ఉండేది. ఒకచోట ఒకాయన నా గడ్డం సరిగ్గా లేదని చెప్పకుండానే వచ్చి రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు, కుండీని తిప్పినట్టు. బొమ్మలో నేను ఎవరినీ పట్టుకోలేదు, నన్ను ఎవరూ పట్టుకోలేదు, ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చున్నాను, ఎవరు చూసినా ప్రశాంతంగా ఉందంటారు. ఇంకోచోట ఒకామె ప్రతిసారీ దూరం నుంచే "కొంచెం ఎడమకి తిరుగుతావా" అని అడిగేది, చలిగా ఉందేమోనని హీటర్ నా వైపు తిప్పేది. ఆమె వేసిన బొమ్మలో నేను భయంకరంగా ఉంటాను, ఎవరో తరుముతున్నట్టు. రెండూ చూసి ఎవరు ఏం తేలుస్తారో తేల్చమనండి.


బొగ్గుగీత:

ఇది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నడుము నొప్పి అనే ఆలోచనే రాలేదు.


పాతకాపు_మసాబ్‌ట్యాంక్:

ఇరవై నిమిషాలు గారి మాట మింగడం మాలాంటివాళ్ళకి కష్టం, కానీ నిజం. మేం చదువుకున్నప్పుడు మోడల్‌గా కూర్చున్న మనుషుల పేర్లు నాకు ఒక్కటీ గుర్తులేదు. వాళ్ళ మోకాళ్ళు గుర్తున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోను. గదిలో ఏం జరిగినా చివరికి కాగితం మీద ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఆర్టిస్ట్ నిర్ణయం. మోడల్ నడుము నొప్పికి పాదం పట్టుకుని ఉండొచ్చు, ఆ చేతిని కొట్టేసి ఒళ్ళో పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. పెట్టలేదంటే కావాలనే ఉంచింది.

బొగ్గుగీతా, షో ఇంకా ఉందా? ఉంటే మళ్ళీ వెళ్ళు. చార్‌కోల్‌కి ఒక గుణం ఉంది, పూర్తిగా చెరగదు. పుట్టీ రబ్బర్‌తో ఎంత ఎత్తినా కాగితం గరుకులో పొడి ఉండిపోతుంది, బూడిద రంగు నీడలా. గాజు ఉంటే ఎదురుగా నిలబడకు, నీ మొహమే కనపడుతుంది. పక్కకి జరిగి, లైట్ గాజు మీద పడని చోటు చూసుకుని, తక్కువ ఎత్తులో చూడు. మొదట ఏం గీసి తర్వాత ఏం తీసేసిందో దొరికితే, ఆ అమ్మాయి ఎక్కడ తటపటాయించిందో తెలుస్తుంది. ముఖ్యంగా ఆ ఎడమచెయ్యి. అందరం కుడిచెయ్యి గురించే కొట్టుకుంటున్నాం, వేలాడుతున్న చెయ్యి ఏం చేస్తోందో ఎవరూ అడగలేదు.


నూనెచెయ్యి:

మాడుకీ పిడికిలికీ మధ్య చూడటం మర్చిపోకండి.


బొగ్గుగీత:

వెళ్ళొచ్చాను. ఈరోజే చివరి రోజు, నాలుగింటికి వెళ్ళాను, హాల్లో నేనూ వాచ్‌మన్ అంకులూ తప్ప ఎవరూ లేరు. నా ఫ్రెండ్ ఐదింటికి వచ్చింది, నేను మెసేజ్ పెట్టాను, "రా" అని మాత్రమే.

ముందు జుట్టు. మాడుకీ పిడికిలికీ మధ్య గీతలు వంపులుగా, వదులుగా ఉన్నాయి. ఒకవైపు. ఇంకోవైపు, చెవి పక్కన, ఆర్టిస్ట్ బొటనవేలితో రుద్దేసింది, అక్కడ గీతలే లేవు, మసి. పిడికిలి కింద జుట్టు నిటారుగా, గట్టిగా నొక్కి గీసింది, కాగితం కొంచెం లోపలికి దిగినట్టు కూడా ఉంది. కాబట్టి నూనెచెయ్యి గారి లెక్క ప్రకారం ముప్పాతిక చిక్కు తీయడమే, పావు తెలియదు. మెడ నున్నగా ఉంది, తాళ్ళు లేవు. కానీ పోయినసారి నేను చూడనిది ఒకటి కనపడింది, ఆమె కాలివేళ్ళు. దుప్పటి కింద నుంచి బయటికి వచ్చి నేలని పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. మొహం, మెడ, భుజాలు అన్నీ ఒకటి చెప్తుంటే వేళ్ళు ఇంకోటి చెప్తున్నాయి. తిమ్మిరేనా అది, ఇరవై నిమిషాలు గారూ?

తర్వాత ఎడమచెయ్యి. పక్కకి జరిగి, నేల మీద దాదాపు కూర్చుని చూశాను (వాచ్‌మన్ అంకుల్ "ఏం పడిపోయిందమ్మా" అని వచ్చాడు). ఆ చెయ్యి ఊరికే వేలాడట్లేదు. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. కానీ నీడ ఉంది. సన్నగా, ఐదారంగుళాల పొడవు, ఒక పక్క చిన్న చిన్న గాట్లలా, తుడిచేసినా పోలేదు. నాకు అది దువ్వెన. ఖచ్చితంగా దువ్వెన. మొదట దువ్వెన గీసింది, అది ఉంటే ఎవరికీ అనుమానమే వచ్చేది కాదు, మేం మెట్రోలో కొట్టుకునేవాళ్ళం కాదు, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకునేవాళ్ళం. ఆ తర్వాత దాన్ని తీసేసింది. చెయ్యి మాత్రం అలాగే వదిలేసింది.

ఫ్రెండ్ వచ్చాక ఏమీ చెప్పకుండా అక్కడే నిలబెట్టాను. తను కూడా కింద కూర్చుని చూసింది. చాలాసేపు చూసి "దువ్వెన కాదే, బీడీ" అంది. గాట్లు కావట, పొగ అట. ఐదారంగుళాల బీడీ ఎక్కడైనా ఉంటుందా అని అడిగాను, చుట్ట అయ్యుంటుంది అంది. ఇద్దరం నవ్వాం. బయటికి వచ్చి చాయ్ తాగుతూ అమ్మమ్మ సంగతి చెప్పాను. తను ఏమీ అనలేదు, కప్పు కింద పెట్టి నా జడ సరిచేసింది.


కొత్తపేట_చౌరస్తా:

ఆ చాయ్ బిల్లు పంపండి, బాకీలో కొట్టేసుకుందాం. దువ్వెన తీసేసిందంటే మీకు గుర్తుగా ఉండేదాన్ని తీసేసి నాకు గుర్తుగా ఉండేదాన్ని ఉంచిందన్నమాట. నేల మీదే కూర్చోబెట్టింది చూడండి, దాన్ని మాత్రం చెరపలేదు.


ఇరవై_నిమిషాలు:

వేళ్ళు ముడుచుకుంటే తిమ్మిరి కాదు. తిమ్మిరికి వేళ్ళు చాపుతాం. చలికి ముడుస్తాం, భయానికి ముడుస్తాం, తల మీద ఎవరైనా బాగా దువ్వుతుంటే కూడా ముడుస్తాం.


నూనెచెయ్యి:

దువ్వెన పట్టుకుంటే బొటనవేలు దాని వీపు మీద చాపి ఉంటుంది. చుట్ట అయితే బొటనవేలికి పని తక్కువ, చూపుడువేలూ మధ్యవేలూ పట్టుకుంటాయి. బొటనవేలు ఎక్కడుంది?


బొగ్గుగీత:

చూడలేదండీ. రాత్రి ఎనిమిదింటికి దించేస్తామన్నారు.